విరిగిన కొత్త ప్రొపెల్లర్

తుమ్మెదలంక వాళ్లకి గవర్నమెంటు అంటే ఒక బోటు. మిగతా గవర్నమెంటంతా గోదావరికి అవతలి ఒడ్డున ఉంటుంది. వీళ్లు దాని దగ్గరికి వెళ్లాలన్నా, అది వీళ్ల దగ్గరికి రావాలన్నా ఆ బోటే దిక్కు. బోటు వెనక తగిలించిన ఇంజను చాలా పాతది. తయారుచేసిన కంపెనీయే ఆ మోడల్ని ఎప్పుడో మరిచిపోయింది. సరంగు ఓలేటి కామరాజు మాత్రం రోజూ పొద్దున్నే దాన్ని కాసేపు తిట్టి, కాసేపు బతిమాలి, తాడు లాగి లేపేవాడు. అదీ పెద్దమనసు చేసుకుని లేచేది.

ఎండలు ముదిరి నీళ్లు తగ్గిన రోజుల్లో, ఇసుకలో పూడిపోయిన పాత ఇనప గుంజ ఒకటి ఏటి అడుగున తల ఎత్తింది. బోటు సరిగ్గా దాని మీంచి వెళ్లింది. ప్రొపెల్లర్‌కి ఉన్న మూడు రెక్కల్లో ఒకటి మొదలంటా విరిగి గోదాట్లో కలిసిపోయింది. ఇంకొకటి వేయించిన అప్పడంలా వంకర తిరిగింది. మూడోది మాత్రం ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు నిక్షేపంగా ఉంది. కామరాజు ఇంజను మళ్లీ వేసి చూశాడు. బోటు ఒళ్లంతా వణుకుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది తప్ప ముందుకు కదల్లేదు. గెడవేసి దాన్ని ఒడ్డుకు చేర్చి, ప్రొపెల్లర్ని ఊడదీసి తువ్వాల్లో చుట్టుకుని, నాటుపడవ మీద ఏరు దాటి, బస్సెక్కి, జిల్లా కేంద్రంలో ఉన్న అంతర జలమార్గ సౌకర్యాల సంస్థకు వెళ్లి, అసిస్టెంట్ ఇంజనీరు గుబ్బల ఫణీంద్ర బల్ల మీద పెట్టాడు.

దాన్ని చూడగానే ఫణీంద్ర కళ్లు గోడమీది క్యాలెండరు వైపు వెళ్లాయి. ఆ బోటుతో అతనికి ఆఫీసు సంబంధం ఒక్కటే కాదు, సొంత సంబంధం కూడా ఉంది. శ్రావణమాసంలో అతని పెళ్లి. పెళ్లికూతురు కుడిపూడి సుభాషిణిది తుమ్మెదలంకే. లంకలో ఆరోగ్య ఉపకేంద్రం నర్సు ఆవిడే. టీకాల పెట్టె తెచ్చుకోవాలన్నా, నెలలు నిండినవాళ్లని ఆస్పత్రికి చేర్చాలన్నా ఆవిడకి ఆ బోటే ఆధారం. కిందటేడు వానల్లో బోటు మూలన పడి ఉన్నప్పుడు, నొప్పులొచ్చిన మనిషిని నాటుపడవలో దాటిస్తూ, నడి గోదాట్లో గొడుగు కింద కాన్పు చేసింది. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు. సుభాషిణి మాత్రం ఆ తర్వాత చాలా రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

ప్రొపెల్లర్ విరిగిన సంగతి తెలిసిన రోజే ఆవిడ ఫణీంద్రకి ఫోన్ చేసింది.

“బోటాఫీసు ఇంజనీరని తెలిసే ఈ సంబంధం ఒప్పుకున్నానండి. దీనికోసం బ్యాంకాయన సంబంధం కూడా వద్దన్నాను. ముహూర్తానికి మీరు మీ బోటెక్కి మా రేవులో దిగాలి. అలా దిగితేనే పెళ్లి. నాటుపడవ మీద వస్తే మాత్రం వచ్చిన దారినే వెళ్లిపోండి.”

అందులో వేళాకోళం లేదని ఫణీంద్రకి తెలిసిపోయింది. సరదాకి అన్న మాటయితే ఆవిడ చివర్లో నవ్వేది. కామరాజు తెచ్చిన మూట ఆఫీసులోనే ఉంచి, ప్రొపెల్లర్ ఫొటోలు, కొలతలు పట్టుకుని మర్నాడే కాకినాడ వెళ్లాడు.

కాకినాడలో బోటు సామాన్ల కొట్టు నడిపే లతీఫ్ గారు ఆ కొలతలు చూసి, ఆ ఇంజను ఇంకా బతికే ఉందా అని ఆప్యాయంగా అడిగాడు. తర్వాత బోటు ఏం మోస్తుందో, ఎంతమంది ఎక్కుతారో కనుక్కున్నాడు. జనాన్నీ బస్తాల్నీ మోసే బోటుకి రెక్కల వాలు కాస్త తక్కువుండాలన్నాడు. స్పీడు తగ్గినా లాగుడు పెరుగుతుందనీ, ముసలి ఇంజనుకి ఆయాసం ఉండదనీ చెప్పాడు. ఉక్కుదైతే గట్టిగా ఉంటుంది కదా అని ఫణీంద్ర అడిగితే, ఉక్కు రెక్క గుంజకి తగిలితే రెక్కకేమీ కాదు, లోపల గేర్లు పిండైపోతాయన్నాడు. అల్యూమినియం అయితే తాను విరిగి గేర్లని కాపాడుతుందట. ఇద్దరూ కలిసి మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్ ఒకటి ఎంచారు. అది అక్కడే అలమారలో ఉంది. ఎడంచేత్తో ఎత్తి సంచిలో వేసుకుని వచ్చేయొచ్చు.

కానీ ఫణీంద్ర ఆఫీసు పద్ధతి తెలిసినవాడు. ఒట్టి చేతులతో తిరిగొచ్చి, చక్కటి ప్రతిపాదన రాశాడు. రాసింది బాగుందనిపించి, ఊరుకోలేక చివర్లో ఒక వాక్యం తగిలించాడు: ‘సదరు కొత్త ప్రొపెల్లర్ పాతదానికంటే అన్ని విధములా మెరుగైనది.’ ఆ ఒక్క వాక్యం రాయకపోయి ఉంటే శ్రావణం దాకా అతను నిశ్చింతగా శుభలేఖలు పంచుకునేవాడు.

ఆ కాగితం అకౌంట్స్ ఆఫీసరు చామర్తి విశ్వపతి గారి దగ్గరికి వెళ్లింది. విశ్వపతి గారు దుర్మార్గుడు కాదు. లంచం ముట్టడు, ఎవర్నీ కసురుకోడు, మధ్యాహ్నం పెరుగన్నంలో మామిడికాయ ముక్క పక్కవాళ్లకి పెట్టకుండా తినడు. రూలు కనిపిస్తే మాత్రం ఆయనకి మనుషులు కనిపించరు. ఫణీంద్రని కూర్చోబెట్టి, ‘మెరుగైనది’ అన్న మాట కింద గీసిన ఎర్రగీతని చూపించాడు.

“పునఃస్థాపన పద్దు క్రింద కొనబడు వస్తువు, తొలగించబడిన వస్తువు కంటే ఏ విధముగానూ మెరుగైనదిగా ఉండరాదు. మెరుగైనచో అది అభివృద్ధి అగును. అభివృద్ధి మన పరిధిలో లేదు నాయనా. రాజధాని అనుమతి కావాలి.”

వెనకటికి ఎవరో అధికారి విరిగిన ముక్కాలి పీట స్థానంలో అని చెప్పి సోఫా సెట్టు కొని ఇంట్లో వేసుకున్నాడట. ఆ సోఫా మీద కోపంతో పుట్టిన రూలు అది. రాజధాని అనుమతి ఎన్నాళ్లకి వస్తుందని ఫణీంద్ర అడిగితే, విశ్వపతి గారు తన వెనకున్న కిటికీ వైపు చూశాడు. దానికి రెక్కలు లేవు, పాత తాటాకు చాప కట్టి ఉంది. కిటికీ రెక్కల ఫైలు రాజధానికి వెళ్లినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది.

ఫణీంద్ర గబగబా ‘మెరుగైనది’ కొట్టేసి ‘సమానమైనది’ అని రాశాడు. విశ్వపతి గారు బీరువాలోంచి విరిగిన ప్రొపెల్లర్ని తీసి బల్ల మీద పెట్టాడు.

“దీనికి రెక్కలు రెండు. అందులో ఒకటి వంకర. తమరు కొనదలచినదానికి మూడు. ఒక రెక్క అభివృద్ధి ఎక్కడి నుంచి వచ్చినట్టు?”

“విరగక ముందు దీనికీ మూడేనండి.”

“విరగక ముందు దీనిని తొలగించితిరా?”

“లేదండి.”

“విరిగిన పిమ్మట కదా తొలగించినారు. అనగా తొలగించబడినది విరిగిన ప్రొపెల్లర్. కావున కొనవలసినదియు విరిగిన ప్రొపెల్లరే.”

ఎక్కడో తిరకాసు ఉందని ఫణీంద్రకి తెలుస్తూనే ఉంది. వెతికితే దొరకలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఇంజనీరు బుర్రకి ఆ తర్కం కాస్త అందంగా కూడా కనిపించింది. పైగా శ్రావణం దగ్గర పడుతోంది. ముందు కొనుగోలు మొదలవనీ, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. సర్కారు నౌకరీలో మంచివాళ్లని ముంచేది ఈ ‘తర్వాత చూసుకుందాం’ అన్న ఆలోచనే. అతను కూర్చుని, తన సొంత చేతులతో, కొత్త ప్రొపెల్లర్ ఎలా ఉండాలో రాశాడు: ‘పూర్ణమైన రెక్క ఒకటి. వంకర రెక్క ఒకటి. శూన్య రెక్క ఒకటి.’

ఫైలు డైరెక్టరు పరమేశం గారి దగ్గరికి వెళ్లింది. ఆయనకి ఉద్యమాలంటే మహా ఇష్టం. కాగితాలు లేని ఆఫీసు కావాలని కిందటేడు గోడలనిండా కాగితాలు అంటింపించిన మనిషి. ఫైలు చదివి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దేశంలో ప్రతి శాఖా ఉన్నదాన్ని బాగుచేస్తానని బయలుదేరి ప్రజాధనం తగలేస్తోందనీ, ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబెట్టే మొట్టమొదటి సంస్థ తమదే కావాలనీ చెప్పాడు. ‘యథాతథ ఉద్యమం’ అని అక్కడికక్కడే పేరు కూడా పెట్టేశాడు. సాయంత్రానికల్లా ఆఫీసు గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో ఒక పక్క విరిగిన ప్రొపెల్లర్, ఒక పక్క పరమేశం గారు చిరునవ్వుతో ఉన్నారు.

టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు. అచ్చుతప్పేమో అనుకున్న ఒక కంపెనీ మంచి ప్రొపెల్లర్ నమూనా పంపింది. ‘రెక్క అధికముగా ఉన్నందున’ దాన్ని తిప్పి పంపారు. చివరికి ఫణీంద్ర మళ్లీ కాకినాడ వెళ్లి, సంగతంతా లతీఫ్ గారికి చెప్పాడు. ఆయన వినికిడి యంత్రం సరిచేసుకుని, మొదట్నించీ మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి విన్నాక పెరట్లో ఉన్న తుక్కుగుట్ట చూపించి, కావలసినన్ని విరిగినవి ఉన్నాయి, ఊరికే పట్టుకెళ్లమన్నాడు. వాడిన సామాను కొనకూడదనీ, సరికొత్తదే కావాలనీ, అయితే అది విరిగి ఉండాలనీ ఫణీంద్ర తలవంచుకుని చెప్పాడు. లతీఫ్ గారు అలమారలోంచి, మొదట ఇద్దరూ కలిసి ఎంచిన ప్రొపెల్లర్నే తీశాడు. కాసేపు చూసి, మనసొప్పక దాన్ని మళ్లీ లోపల పెట్టేసి, వేరేది తీసి, సుత్తి పట్టుకున్నాడు.

మొదటి నమూనా నెగ్గలేదు. వంకర రెక్క కుడివైపు తిరగవలసింది ఎడమవైపు తిరిగిందని విశ్వపతి గారు పట్టుకున్నాడు. రెండోదీ పోయింది. దానికి రెక్కని రంపంతో నున్నగా కోశారు. పాతదానికి విరిగినచోట మొరటుగా ఉంది కాబట్టి, నునుపు అభివృద్ధి కిందికి వస్తుంది. ఆఖరికి ఒక నమూనా నెగ్గింది. ఏడాదిలోపు అది ఇంకా విరిగితే ఉచితంగా అంతే విరిగినది మరొకటి ఇవ్వాలని గ్యారంటీ కూడా రాయించుకున్నారు. ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒక వస్తువును చెడగొట్టడం తన జన్మలో లేదని లతీఫ్ గారు సంతకం చేస్తూ అన్నాడు. ఫణీంద్ర మొహమాటం కొద్దీ ఆయనకి ఒక శుభలేఖ ఇచ్చి వచ్చాడు.

ఆ సాయంత్రం సుభాషిణి ఫోన్ చేస్తే, కొత్త ప్రొపెల్లర్ వచ్చేసిందని చెప్పాడు. ఆవిడ గొంతులో సంతోషం విని అతనికి ఇంకా భయమేసింది.

“తిరుగుతుందా?” అని అడిగింది.

“పాతది ఏ మేరకు తిరుగుతున్నదో ఆ మేరకు...” అని మొదలుపెట్టి, తన నోట్లోంచి విశ్వపతి గారి మాటలు వస్తున్నాయని గ్రహించి ఆగిపోయాడు. తర్వాత దాచకుండా అంతా చెప్పేశాడు.

“మా పక్కింటి నాగమణికి శ్రావణంలోనే నెలలు నిండుతాయండి. అప్పటికి వరద ఎర్రనీరు వచ్చేస్తుంది. ఆవిడకి ఏం చెప్పమంటారు?”

చదువుకున్న చదువుకీ, రాసిన రాతకీ ఫణీంద్రకి సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే కామరాజుని కలిసి, సొంతంగా మంచి ప్రొపెల్లర్ కొనుక్కొస్తాను, గుట్టుచప్పుడు కాకుండా బిగించేద్దాం అన్నాడు. కామరాజు దానికి ఎగిరి గంతేశాడు. కానీ వాళ్ల ఆలోచన అక్కడే ఆగిపోయింది. మధ్యాహ్నానికి డైరెక్టరు గారు ఫణీంద్రని పిలిచి, భుజం తట్టి, యథాతథ ప్రొపెల్లర్‌కి ప్రారంభోత్సవం అతని పెళ్లిరోజునే పెట్టించానన్నాడు. పెళ్లివారే తొలి ప్రయాణికులట. పత్రికలవాళ్లూ వస్తారట. ఈలోగా ఎవరూ దానిలో అభివృద్ధి ప్రవేశపెట్టకుండా, విశ్వపతి గారు స్వయంగా దగ్గరుండి ప్రొపెల్లర్ని బిగింపించి, నట్టు మీద లక్కసీలు వేయించాడు.

పెళ్లిరోజు వచ్చింది. గోదాట్లో ఎర్రనీరు వచ్చింది గాని ఇంకా ఉధృతం లేదు. బోటుకి మామిడాకులు, బంతిపూలు కట్టారు. పెళ్లికొడుకు, అతని తరఫు బంధువులు, సన్నాయివాళ్లు, పరమేశం గారు, కొలతల పనిముట్లతో విశ్వపతి గారు, ఒక ఫొటోగ్రాఫరు ఎక్కారు. కామరాజు ఫణీంద్ర పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు.

“ఏఈ గారూ, ఇది ఆ ఒడ్డు మొహం చూడదండి. నా మాట ఇని దిగిపోండి.”

నాటుపడవ మీద వెళ్తే పెళ్లి లేదు. బోటు మీద వెళ్తే ఒడ్డు లేదు. ఏదైనా అద్భుతం జరగకపోతుందా అని ఫణీంద్ర బోటులోనే కూర్చున్నాడు. డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించాడు. గెడలతో బోటుని లోతుకి తోసి, కామరాజు దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇంజను లేపాడు.

బోటు ఒళ్లంతా వణికింది. తట్టల్లో పళ్లు, తాంబూలాలు ఎగిరెగిరి పడ్డాయి. సన్నాయి ఊదేవాడికి స్వరం దానంతటదే కదిలిపోయి, పెళ్లిపాట కాస్తా ఏడుపు పాటయింది. గెడలు తోసిన ఊపు కాస్తా నడి గోదాట్లో అయిపోయాక బోటు ముందుకెళ్లడం మానేసి, ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పెళ్లికొడుక్కి ఒకసారి పెళ్లికూతురి ఊరు కనిపిస్తే, మరోసారి సొంత ఒడ్డు కనిపించసాగింది. మెల్లమెల్లగా ప్రవాహం వాళ్లని రేవు నుంచి దిగువకి లాక్కుపోతోంది.

విశ్వపతి గారు ఒక చేత్తో బోటు అంచు పట్టుకుని, ఇంకో చేత్తో ఏదో కొలిచి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వణుకు అదే, తిరగడం అదే, తిరిగే వైపు కూడా అదే అన్నాడు. అచ్చం పాతదే. పరమేశం గారు ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఉద్యమం నెగ్గినట్టే, ఇక ఇంజనీరు ధ్రువీకరిస్తే చాలని చెప్పి, ‘కొత్త ప్రొపెల్లర్ పాతదానితో సర్వవిధముల సమానముగా పనిచేయుచున్నది’ అన్న ధ్రువపత్రాన్నీ, పెన్నునీ పెళ్లికొడుకు చేతిలో పెట్టాడు. దాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఫణీంద్ర పెన్ను మూత కూడా తీశాడు. అవతల లంక రేవులో జనం ఒడ్డు వెంట పరిగెడుతున్నారు. ముహూర్తం దగ్గరకొచ్చేసింది.

అప్పుడు లంక వైపు నుంచి ఒక నాటుపడవ వచ్చింది. సుభాషిణి మేనమామలిద్దరు తెడ్లు వేస్తున్నారు. ముందు సుభాషిణి కూర్చుంది. నుదుట బాసికం ఉంది, పట్టుచీర కుచ్చెళ్లు నడుముకి ఎగదోపుకుంది. పెళ్లికూతురు చేతుల్లో కొబ్బరిబోండం ఉండవలసిన చోట, పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టిన ప్రొపెల్లర్ ఉంది. దానికి మూడు రెక్కలు. పెళ్లికి వచ్చిన లతీఫ్ గారు పెళ్లికూతురికి చదివించిన కానుక అది. బోటులో అందరికంటే ముందు దాన్ని గుర్తుపట్టింది కామరాజు. ఇంజను ఆపేసి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

పడవ దగ్గరికి వచ్చి ఆగింది. సుభాషిణి ఫణీంద్రని, అతని చేతిలో కాగితాన్ని చూసింది.

“ముహూర్తం దాటిపోతోందని మా నాన్న గోల పెడుతున్నాడండి. పెళ్లికొడుకుని మార్చేద్దామన్నారు మావాళ్లు. నేనూ సరేనన్నాను.”

సన్నాయి ఊదేవాడు ఊదడం ఆపేశాడు.

“కానీ మీ ఆఫీసు రూలొకటి ఉంది కదండి. మార్చి తెచ్చేది పాతదానికంటే ఏ విధంగానూ మెరుగ్గా ఉండకూడదు. లంకంతా వెతికాం. మీకంటే మెరుగ్గా లేనివాడు ఒక్కడూ దొరకలేదు.”

సన్నాయి ఊదేవాడు ముందు నవ్వాడు. తర్వాత పెళ్లికొడుకు మేనత్త నవ్వింది. ఫణీంద్రకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సుభాషిణి మాత్రం నవ్వలేదు. ఒడిలోని ప్రొపెల్లర్ని జాగ్రత్తగా పడవలో పక్కన పెట్టి, చుట్ట చుట్టిన మోకు తీసి బోటులోకి విసిరింది.

“ముందు ఒడ్డుకి రండి. దీన్ని బిగించి నాగమణిని అవతలికి దాటించాలి. తెల్లారినప్పట్నించీ నొప్పులు పడుతోంది. ఆ తర్వాత టైముంటే పెళ్లి సంగతి మాట్లాడుకుందాం.”

పరమేశం గారు అడ్డం వచ్చి, ప్రారంభోత్సవ యాత్రలో బాహ్య సహాయము స్వీకరించుట యథాతథ స్థితికి భంగకరమన్నాడు. విశ్వపతి గారు తన పద్ధతిలో, ఆ మోకు ఏ పద్దు కిందికి వస్తుందో ముందు తేల్చమని ఇంజనీరుని అడిగాడు. ఫణీంద్ర ఒక చేతిలో ధ్రువపత్రం, ఒక చేతిలో పెన్ను ఉన్నాయి. మోకు లాగి కట్టాలంటే రెండు చేతులూ కావాలి. అతను ఆ రెంటినీ గోదాట్లో వదిలేసి మోకు పట్టుకున్నాడు.